ఇరవై కాదు, అరవై

శుక్రవారం పొద్దున ఏడున్నరకు హితేష్ ఇరవై మోదుగాకు విస్తర్లు కొన్నాడు. కొనాల్సింది అరవై.

ఫాక్‌లాండ్ రోడ్ మొదట్లో పూజసామాన్ల కొట్టు అప్పుడే తలుపులు తీసింది. కొట్టువాణ్ణి మరాఠీలో వీస్ పత్రావళి అడిగి, కట్ట చంకన పెట్టుకుని, కామాఠీపురా పదకొండో గల్లీలోని తను ఉండే చాల్ అనే పాత మేడ మెట్లెక్కి, రెండో అంతస్తు గ్యాలరీ చివరి ఒంటిగది ఖోలీ ముందు ఆగాడు. లక్ష్మమ్మ గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. డెబ్బై నాలుగేళ్ల మనిషి. ఆమె భర్త ఎల్లయ్య పోయి ఆదివారానికి ఏడాది. ఆ రోజు పెట్టే భోజనాలకే ఈ విస్తర్లు.

"అవ్వా, తెచ్చిన."

లక్ష్మమ్మ కట్ట అంచుల మీద వేలు పోనిచ్చి లెక్క చూసుకుంది. మొహం మారింది.

"ఏంది రా ఇవి? గిన్నేనా?"

"ఇరవై అన్నవ్ గద."

"నేనెప్పుడన్న ఇరవై అని? అరవై అన్న. అరవై! ఇరవై మందికి పెట్టి చేతులు కడుక్కోనీకి మీ ఎల్లయ్య తాత అంత లేనోడా?"

"నాకు ఇరవై అనే ఇనపడ్డది అవ్వా."

"ఇనపడ్తది, ఎందుకు ఇనపడది! నీ చెవుల మరాఠోడు కూసున్నడు. సాఠ్ రే బాబా, సాఠ్. ఇప్పుడన్న సమజైందా?"

సాఠ్ అనగానే సమజైంది. మిగతా నలభై రేపు తెస్తానన్నాడు.

"మీ నానమ్మ మొత్తుకుంటుండె. మావోనికి పది దాటితే తెలుగు లేదు లక్ష్మీ, ఇరవై అన్నా అరవై అన్నా ఒక్కటే అని. నేను నవ్వుతుంటి. ఇప్పుడు చూడు, నా కొంప మీదికే తెచ్చినవ్." లక్ష్మమ్మ నవ్వుతూనే కట్టను లోపలికి తోసింది. "పో, నీ బండి పోతది."

హితేష్‌కి ముప్పై మూడేళ్లు. తాత ముత్తయ్య పాలమూరు నుంచి మేస్త్రీ వెంట వచ్చి, ఇక్కడి బంగ్లాలకు రాయి మోసినవాడు. తండ్రి ఇళ్లకు రంగులేశాడు. అమ్మ, నాన్న ఇద్దరూ అతను కాలేజీలో ఉండగానే రెండేళ్ల తేడాతో పోయారు. పెంచింది నానమ్మ రత్నాబాయి. ఒకటి నుంచి పది దాకా తెలుగులో ఆమె నేర్పింది. పదకొండు నుంచి మునిసిపాలిటీ బడి నేర్పింది, మరాఠీలో. కాగితం మీద రాసిన అంకె ఏ భాషదైనా ఒకటే కాబట్టి ఆ అతుకు ఎక్కడుందో ఎవరికీ కనబడలేదు. నానమ్మకు తెలుసని ఇవాళ తెలిసింది.

ఆమె పోయి మూడేళ్లు. అప్పటి నుంచి ఖోలీలో ఒక్కడే. ఈ అంతస్తులో ఒకప్పుడు తొమ్మిది తెలుగు కుటుంబాలుండేవి. కొందరు కళ్యాణ్ పోయారు, కొందరు నాలాసోపారా పోయారు, మిగిలింది లక్ష్మమ్మా తనూ. అంగడిలో మరాఠీ, ఆఫీసులో హిందీ, కాగితాల మీద ఇంగ్లిషు. రోజు మొత్తంలో తెలుగులో మాట్లాడిన మాటలు పోగేస్తే యాభై దాటవు. వాటిలో సగం నీళ్ల డ్రమ్ము గురించే.

గ్రాంట్ రోడ్‌లో ఎనిమిదీ పది స్లో లోకల్ ఎక్కి అంధేరీలో దిగాడు. ఆఫీసు ఒక పాత ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో మూడో అంతస్తు. ఆస్పత్రుల్లో, మందుల గోదాముల్లో ఫ్రిజ్‌లకు తగిలించే చిన్న పెట్టె ఒకటి అక్కడ తయారవుతుంది. పది నిమిషాలకోసారి లోపల ఎంత చల్లగా ఉందో రాసి పెట్టుకోవడం దాని పని. రాసుకునేది ఫ్లాష్ చిప్ మీద. ఆ చిప్‌తో మాట్లాడే కోడ్‌ను డ్రైవర్ అంటారు. ఏడేళ్లుగా హితేష్ పని దాంతోనే.

ఫ్లాష్ చిప్ అంటే కరెంటు పోయినా రాసింది పోని నల్లటి ముక్క, కందిబద్దకన్నా కొంచెం పెద్దది. దానికో గుణం ఉంది. పాతది తుడవందే కొత్తది రాయనివ్వదు. తుడవడం కూడా ఒక్క అక్షరం తుడుస్తానంటే ఒప్పుకోదు, గడికి గడి మొత్తం తుడవాలి. తుడుస్తున్నంతసేపు మనం ఏం చెప్పినా వినదు. చెప్పింది గాలికి పోతుంది, పోయిందని కూడా చెప్పదు. అయిందా లేదా అని చిప్‌నే అడిగి తెలుసుకునే పద్ధతి ఉంది గానీ, ఈ పాత డ్రైవర్ అడగదు. ఇంతసేపు ఆగు అని ముందే రాసిపెట్టిన అంకె ప్రకారం ఆగుతుంది, ఆ తర్వాత రాస్తుంది.

ఇన్నాళ్లూ వాడిన చిప్ తయారీ ఆగిపోయింది. కొత్త చిప్ పెట్టాలి. పెట్టేముందు డ్రైవర్‌లో చెల్లాచెదురుగా పడున్న అంకెలన్నీ ఏరి ఒక ఫైల్లో పెట్టమని మేనేజర్ సీమా అతనికి అప్పజెప్పింది. పేజీకి ఎన్ని బైట్లు, గడికి ఎన్ని పేజీలు, చిప్ మొత్తం ఎంత, తుడిచాక ఎంతసేపు ఆగాలి. పెద్ద కొనుగోలుదారు ఒకడు కోడ్ చూస్తానన్నాడు. చూసేనాటికి ఇల్లు సర్దినట్టుండాలి.

వారం నుంచి హితేష్ అదే చేస్తున్నాడు. 256 అనే అంకె పేరూ ఊరూ లేకుండా పదకొండు చోట్ల దొరికింది. గడి సైజుకు మూడు ఫైళ్లలో మూడు పేర్లున్నాయి. చాల్‌లో ఒకే మనిషిని ఒకరు పెయింటరనీ, ఒకరు ముత్తయ్య కొడుకనీ, ఒకరు రెండో అంతస్తు వాడనీ పిలిచినట్టు. అన్నిటికీ ఒక పేరు పెట్టి, ఒక చోట చేర్చి, పాతవి కొట్టేస్తూ వచ్చాడు. ఈ పనిలో నియమం ఒక్కటే. ఒకే సంగతికి రెండు చోట్ల రెండు అంకెలు కనబడితే, ఏది నిజమో తెలిసేదాకా దేన్నీ తీసేయకూడదు. ఆ నియమం అతనికి నేర్పింది, ఒకప్పుడు ఇక్కడే పనిచేసిన అనిల్.

పదకొండింటికి తుడిచాక ఆగే అంకె దగ్గరికొచ్చాడు. అసలు ఫైల్లో 20 అని ఉంది. ఇరవై మిల్లీసెకండ్లు. దాని పైన వ్యాఖ్య: 'అనిల్ సార్ ఫోన్‌లో చెప్పిన అంకె.' రాసింది తనే.

ఇంకెక్కడైనా ఉందేమోనని ఆఫీసు పాత సర్వర్ అంతా వెతికించాడు. ఒకచోట దొరికింది. అనిల్ పేరుతో ఎవరూ తెరవని ఫోల్డర్, అందులో బల్ల మీద పరీక్షలకు వాడుకున్న ఫైల్. అందులోనూ అదే అంకె, అదే పేరుతో. కానీ 60. పక్కన అనిల్ తనకోసం రాసుకున్న ముక్క: 'చిప్ పాతబడితే 50 దాకా పడుతుంది. పది ఎక్కువ పెట్టాను.' ఫైల్ తేదీ చూశాడు. తను ఆయనకు ఫోన్ చేసిన దానికి ముందురోజు.

హితేష్ కుర్చీలో వెనక్కి వాలాడు. అతనికి పొద్దుటి విస్తర్ల కట్ట గుర్తొచ్చింది.

అనిల్ మహబూబ్‌నగర్ వాడు. ఆఫీసులో తెలుగు వచ్చిన రెండో మనిషి. హితేష్ చేరిన మొదటి వారం డబ్బా తెరిస్తే, జొన్నరొట్టె వాసనకు పక్క బల్ల నుంచి లేచి వచ్చి, "ఏ ఊరు మీది?" అని అడిగాడు. కామాఠీపురా అంటే నవ్వి, "దానికి ముందు?" అన్నాడు. ఆ మర్నాటి నుంచి రత్నాబాయి రెండు రొట్టెలు ఎక్కువ చేసి పంపేది. రెండేళ్లు ఆ ఇద్దరూ ఒకే బల్ల మీద తిన్నారు. కోడ్ రాయడం హితేష్‌కు కాలేజీ నేర్పలేదు, ఆ మధ్యాహ్నాలు నేర్పాయి.

ఆ రోజు అనిల్ నాసిక్‌లో ఒక గోదాం చూసుకుని బస్సులో తిరిగొస్తున్నాడు. కొత్త పెట్టెలు సాయంత్రానికి వెళ్లిపోవాలి. హితేష్ ఫోన్ చేశాడు.

"సార్, తుడిచినంక ఎంత ఆగాలె?"

"అరవై పెట్టు."

బస్సు మోత. "ఇరవైనా సార్?"

"ఆఁ, అరవై. అరవై పెట్టి పంపియ్."

20 పెట్టి పంపించాడు. కొత్త చిప్ పద్దెనిమిదిలో తుడిచేసుకుంటుంది కాబట్టి బల్ల మీద అన్నీ బాగానే నడిచాయి. ఏడాది గడిచాక చిప్‌లు అలిసి, ముప్పై, నలభై తీసుకోవడం మొదలుపెట్టాయి. పెట్టె మాత్రం ఇరవైకే రాసేసేది. చిప్ వినేది కాదు. ఫ్రిజ్‌ల లెక్కల్లో గంటలకు గంటలు ఖాళీలు కనబడ్డాయి. ఖాళీ ఉన్న రోజు ఫ్రిజ్ చల్లగా ఉందో లేదో ఎవరూ చెప్పలేరు కాబట్టి లోపలి మందులు పారబోయాల్సొచ్చింది. నూట నలభై పెట్టెలు వెనక్కి వచ్చాయి.

కంపెనీ పెద్దాయన గదిలో విచారణ జరిగింది. ఆ వ్యాఖ్య ఉన్న పేజీ అచ్చు తీసి బల్ల మీద పెట్టారు. నేను అరవై చెప్పాను అన్నాడు అనిల్. హితేష్‌ను పిలిచి, ఎంత చెప్పాడని హిందీలో అడిగారు. బీస్, అన్నాడు హితేష్. అబద్ధమాడలేదు. అతని చెవిలో పడింది అదే. అనిల్ తల తిప్పి ఒకసారి అతని వైపు చూశాడు. ఆ పరీక్ష ఫైల్ సంగతి కూడా ఎత్తకుండా లేచి వెళ్లిపోయాడు. పదిహేను రోజుల్లో ఊరికి వెళ్లిపోయాడు. పోతూ రొట్టెల డబ్బా కడిగి హితేష్ బల్ల మీద పెట్టిపోయాడు. ఆ నెలంతా రత్నాబాయి, "మీ సారుకు రొట్టెలు పంపాల్నా?" అని అడుగుతూనే ఉండేది. సార్ సెలవులో ఉన్నాడని హితేష్ చెప్తూ వచ్చాడు. అది మాత్రం అబద్ధమే.

ఆ తర్వాత ఎవరో పై కోడ్‌లో, రాసింది పడకపోతే మళ్లీ రాయి అని ఒక అతుకు వేశారు. పని నడిచింది. కింద 20 అలాగే ఉండిపోయింది. దాని మీద ఆ వ్యాఖ్య కూడా. ఐదేళ్లు.

హితేష్ మనసులోనే తెలుగులో లెక్కపెట్టి చూశాడు. ఇరవై. ముప్పై. నలభై. యాభై. అరవై. వరసగా వెళ్తే ఏది ఎక్కడుందో తెలుస్తోంది. విడిగా చెవిన పడితే తెలియదు. ఈ సంగతి తనకు తెలియదన్నది కూడా ఇన్నేళ్లూ తెలియలేదు.

ఒంటిగంటకు డబ్బా తెరిచాడు. గోడ వైపు తిరిగి తినడం అతనికి అలవాటైంది. సగం తిని మూత పెట్టేశాడు. లేచి సీమా గదికి వెళ్లాడు.

సీమా విన్నది. మంచి మనిషే, వినేటప్పుడు మధ్యలో అడ్డుపడదు. ఇద్దరూ హిందీలో మాట్లాడుకున్నారు.

"అంటే ఆయన అరవై అన్నాడు, నువ్వు ఇరవై అనుకున్నావు."

"అవును."

"తెలుగు నీ మాతృభాష కదా?"

"పది దాకా."

సీమాకు నవ్వాలో వద్దో తెలియలేదు. "సరే. 60 పెట్టు, ఆ వ్యాఖ్య తీసేయ్. ఎలాగూ పేర్లున్న వ్యాఖ్యలన్నీ తీసేయమనే చెప్పాను కదా. ఎవరికీ ఏమీ తెలియదు."

"అదే మేడమ్. వ్యాఖ్య తీసేస్తే ఆయన తప్పు కాదని కూడా ఎవరికీ తెలియదు."

"ఐదేళ్లయింది హితేష్. అప్పుడున్న పెద్దాయన కూడా లేడు. ఎవరికి తెలియాలి?"

సీమా కుర్చీ ముందుకు జరుపుకుంది. "చూడు. ఏ మార్పు ఎందుకు చేశామో రాసే చీటీలన్నీ కొనుగోలుదారు చదువుతాడు. నూట నలభై పెట్టెలు పాడైంది నావల్లే అని నువ్వు అక్కడ రాస్తే, కొత్త చిప్ పని నీ చేతికి ఇవ్వడం నావల్ల కాదు. నీకే ఇద్దామనుకుంటున్నాను. టీమ్ లీడ్‌గా. సోమవారం చెబుదామనుకున్నా. రేపు మధ్యాహ్నం దాకా ఆలోచించుకో. నీ ఇష్టం."

సాయంత్రం లోకల్‌లో కిటికీ పక్కన చోటు దొరికింది. అలా దొరకడం అరుదు. హితేష్‌కు దాని సంతోషం పట్టలేదు. దాదర్‌లో ఎక్కిన ఇద్దరు ముసలివాళ్లు ఏదో పెళ్లి గురించి తెలుగులో మాట్లాడుకుంటున్నారు. ఎంతమంది వచ్చారు, ఎన్ని బండ్లు కట్టారు. వాళ్ల నోట అంకె వచ్చినప్పుడల్లా అతను దాన్ని మరాఠీలోకి మార్చుకుని చూశాడు. రెండుసార్లు తప్పాడు. గ్రాంట్ రోడ్‌లో దిగాక ప్లాట్‌ఫాం మీద కాసేపు నిలబడి, ఫోన్‌లో అనిల్ నంబరు తీశాడు. ఐదేళ్లుగా అది అలాగే ఉంది. మోగించకుండానే జేబులో పెట్టుకున్నాడు. చేసి ఏం చెప్పాలి? తప్పు నాదే సార్, కానీ ఎవరికీ చెప్పలేదు అనా?

శనివారం ఆఫీసుకు వెళ్లేముందు ఫాక్‌లాండ్ రోడ్‌లో మిగతా నలభై విస్తర్లు తీసుకున్నాడు. లక్ష్మమ్మ తలుపు ఇంకా తీయలేదు. కట్ట గడప మీద పెట్టి వెళ్లిపోయాడు.

పదకొండున్నరకు 20 కొట్టేసి 60 రాశాడు. పైన ఉన్న తన వ్యాఖ్య తీసేశాడు. మార్పు చీటీలో ఏం రాయాలో రాత్రే అనుకున్నాడు గానీ, కూర్చున్నాక అది చాలా పొడుగనిపించింది. చివరికి నాలుగు వాక్యాలు మిగిలాయి:

'తుడిచాక ఆగే సమయం 20 కాదు, 60. అనిల్ ఫోన్‌లో 60 అనే చెప్పారు, ఆయన పరీక్ష ఫైల్లో అదే ఉంది. నేను తప్పుగా విన్నాను. ఐదేళ్ల కిందటి లోపం నాది.' కింద తన పూర్తి పేరు.

పంపేశాక అద్దం గదిలో ఉన్న సీమా తన కంప్యూటర్లో అది చదవడం కనిపించింది. ఆమె తలెత్తి చూసింది, మళ్లీ తెర వైపు తిరిగింది. ఒంటిగంటకు అందరికీ ఒక మెయిల్ వచ్చింది. కొత్త చిప్ పని ప్రతీక్ చూసుకుంటాడు. ప్రతీక్ కిందటేడు చేరినవాడు. వచ్చి, "హితేష్ భాయ్, మీకు కోపం లేదు కదా?" అని అడిగాడు. లేదన్నాడు హితేష్. ప్రతీక్ అడిగిన రెండు ఫైళ్లు ఎక్కడున్నాయో చూపించాడు.

ఆ చీటీని ఫోటో తీసి అనిల్ నంబరుకు పంపాడు. వెంట ఏమీ రాయలేదు. సాయంత్రానికి రెండు టిక్కులు పడ్డాయి, నీలంగా మారాయి. జవాబు రాలేదు.

ఆదివారం పదింటి నుంచే లక్ష్మమ్మ ఖోలీ ముందు గ్యాలరీలో జంపఖానాలు పరిచారు. మటన్ కూర, అన్నం, పచ్చిపులుసు. ఎల్లయ్యకు పచ్చిపులుసు ప్రాణం. లక్ష్మమ్మ కూతురు భివండీ నుంచి ముందురోజే వచ్చి వంట చేసింది. వడ్డించేది హితేషే, ఇంకెవరున్నారు? కళ్యాణ్ నుంచి ఐదుగురొచ్చారు, నాలాసోపారా నుంచి ఐదుగురు. కింది అంతస్తు నుంచి మరాఠీ వాళ్లు ముగ్గురు. ఎల్లయ్యతో పాటు సెంట్రింగ్ పనిచేసినవాళ్లు నలుగురు వస్తారని ఎదురుచూస్తే ఒక్కడే వచ్చాడు. మిగతావాళ్ల సంగతి అడిగితే ఆయన చెయ్యి ఆకాశం వైపు ఊపాడు. "ఆళ్లంతా పైన ఎల్లిగాని కాడనే తింటున్నరు వదినే, మనకన్న ముందే కూసున్నరు." లక్ష్మమ్మ కూడా నవ్వింది.

రెండింటికి ఇంక ఎవరూ రారని తేలిపోయింది. తిన్నవాళ్లు పదిహేడు మంది. హితేష్ మిగిలిన విస్తర్లు సర్దుతుంటే లక్ష్మమ్మ గడపలో కూర్చుని చూస్తోంది.

"లెక్కవెట్టు రా. తెలుగుల."

"ఎందుకవ్వా?"

"పెట్టు. ఒక్క తప్పు పోయిందో, నీ వీపు మీద ఇస్తా."

పెట్టాడు. పది దాకా పరిగెత్తాడు. పదకొండు నుంచి నడిచాడు. ఇరవై తర్వాత ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చెప్పాడు. ముప్పై దగ్గర ఆగి ఆమె వైపు చూస్తే, ఊఁ అంది. నలభై మూడు దగ్గర కట్ట అయిపోయింది.

"నలభై మూడు," అంది లక్ష్మమ్మ. "నువ్వు తెచ్చిన ఇరవయ్యే సరిపోతుండె రా. నాకే పాత లెక్క పోలే." తర్వాత కొంగుతో మూతి తుడుచుకుని, "అటుక మీద పెట్టు. వచ్చే ఏడాదికైతయ్," అంది.

కట్ట అటుక మీద పెట్టి దిగుతుంటే ఫోన్ మోగింది. అనిల్. హితేష్ గ్యాలరీ అవతలి కొసకు వెళ్లి ఎత్తాడు.

"సార్."

"ఊఁ." వెనక ఎక్కడో మోటారు నడుస్తోంది. "చూసిన నువ్వు పంపింది."

"సార్, నాకు నిజంగ..."

"ఎట్ల తెలిసింది ఇప్పుడు?"

హితేష్ విస్తర్ల సంగతి చెప్పాడు. చెప్తుంటే అది ఎంత చిన్న సంగతో అతనికే తెలుస్తోంది. అవతల ముక్కులోంచి గాలి వదిలినట్టు ఒక శబ్దం. నవ్వో కాదో చెప్పలేం.

"ఇస్తర్లా!" అన్నాడు అనిల్. "ఐదేండ్లు నేను బస్సుదనుకున్న. బస్సు మోతకు ఇనపడలేదేమో అనుకున్న. లేకపోతే నీకు నా కుర్సీ కావాలె, అందుకన్నవేమో అనుకున్న. ఒక్కోపారి ఒక్కోటి."

"లేదు సార్."

"ఇప్పుడు తెలిసింది గద లేదని." మళ్లీ మోటారు. "ఆ చీటీ రాయకపోతే ఏమైతుండె?"

"ఏం కాకపోతుండె."

"రాసినంక?"

"కొత్త చిప్ వేరేటాయనకు ఇచ్చిన్రు."

అనిల్ మాట మార్చాడు. "మీ నానమ్మ ఎట్లుంది?" అన్నాడు.

"పోయింది సార్. మూడేండ్లయింది."

"అవునా. మంచిగ చేస్తుండె రొట్టెలు." వెంటనే పని సంగతిలోకి వచ్చాడు. "కొత్త చిప్ ఏది?"

హితేష్ దాని నంబరు చెప్పాడు. అవతల కాగితాలో, తాళాలో ఏవో కదిలిన చప్పుడు. ఇక్కడ నేను మోటార్ల పానెళ్లు చేస్తున్న, వాటిల్లో అదే వాడుతున్న, అన్నాడు అనిల్. పాతబడితే అరవై దాటుతుందట.

"దానికి అరవై సాలది. డెబ్బై పెట్టుమను ఆయనను."

"డెబ్బై సార్."

"డెబ్బై అంటే ఎంత?"

హితేష్ గ్యాలరీ కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. మనసులో ఇరవై నుంచి వరసగా పైకి వచ్చాడు. యాభై, అరవై, దాని పైది. "ఏడు, సున్న సార్."

"ఆఁ. సర్లే మరి."

ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తానని ఇద్దరిలో ఎవరూ అనలేదు. కింద గల్లీలో ఎవరో మంచాన్ని బండి మీదికి ఎక్కిస్తున్నారు, ఇంకో కుటుంబం ఖాళీ చేస్తోంది. లోపల లక్ష్మమ్మ గిన్నెలు బోర్లించడం వినబడుతోంది.

"ఎవర్రా ఫోన్ల?"

"మా సార్ అవ్వా. ఎనకటి సార్."

"రొట్టెలు తినే సారా? వస్తడా మనింటికి?"

"రాడు."

సోమవారం పదింటికి హితేష్ కొత్త చిప్ వివరాల కాగితం తీసి, తుడవడానికి ఎక్కువలో ఎక్కువ ఎంత పడుతుందో తనే చూసుకున్నాడు. అరవై రెండని ఉంది. ఆ వరసకు గుర్తు పెట్టి ప్రతీక్‌కు పంపాడు. నోటితో చెప్పలేదు, ఏ భాషలోనూ రాయలేదు, అంకె మాత్రమే వేశాడు: 70.